సముద్రపు దొంగల కథ నాలుగో భాగం

అమ్మా, నేను బాగానే ఉన్నాను. నా ఉద్యోగం ఊడిందని బాబాయి మోసుకొచ్చిన కబురు నమ్మకు.

భోజనాల వేళ మా కుట్టుమిషన్ల వాళ్లందరికీ సముద్రపు దొంగల కథ మూడో భాగం పైకి చదివి వినిపిస్తున్నాను. మొన్న ఆ పిల్ల కెప్టెన్ కత్తి పళ్లతో కరిచిపట్టి శత్రువుల ఓడ మీదికి దూకింది. జేబులు కుట్టే పెద్దమ్మ అదే ధ్యాసలో ఉండి చొక్కా జేబుల నోళ్లు కూడా కుట్టేసింది! సూపర్‌వైజర్ పుస్తకం లాక్కుని, "పెళ్లీడుకొచ్చావు, ఇంకా ఈ పిల్లల కథలేంటి?" అన్నాడు. "జేబులు నేను విప్పి కుడతాను. చదవడం మాత్రం మానను," అన్నాను.

నిన్న ఆయనే వచ్చి పుస్తకం తిరిగిచ్చి, "ఇంతకీ ఆ పిల్ల ఉరి తప్పించుకుంటుందా? నాలుగో భాగం ఉంటే ఇటివ్వు," అన్నాడు. ఇంకా నా దగ్గరికి రాలేదు, వచ్చినా ఇవ్వనన్నాను. వినాలనుంటే అందరితోపాటు కింద కూర్చోమన్నాను.

నానమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? నాన్నకూ నానమ్మకూ నా దండాలు చెప్పు. చెల్లి చదవడం అయ్యాక నాలుగో భాగం పంపు. ఈలోగా దాని చేతిలోంచి లాక్కోకు. లాక్కున్నవాళ్ల గతి ఏమవుతుందో చూశావుగా.

నీ మొండిఘటం