కాచని నీళ్లు

14 జూలై 1941, గురజాల

నడికుడి స్టేషన్ మాస్టరు పాత ఇంగ్లీషు పేపరు ఇచ్చాడు. మతం, సైన్సు గురించి ఐన్‌స్టీన్ అభిప్రాయాలు అందులో ఉన్నాయి. మనుషుల మొరలు విని ప్రకృతి నియమాల్లో వేలుపెట్టే దేవుడు లేడట. సృష్టిలోని క్రమం ముందు తల వంచడమే భక్తి అట. మూడుసార్లు చదివాను.

15 జూలై

ఆగలేక మిషన్ స్కూల్లో నా ఫోర్త్ ఫారం క్లాసు పిల్లలకు చెప్పేశాను. మొదటి సగమే చెప్పాను. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. అది నాకు చాలా బాగుంది. గొప్ప కోసమే చెప్పాను, ఒప్పుకుంటున్నాను.

18 జూలై

పిల్లలు ఆ మాట ఇళ్లకు మోశారు. పాస్టరు ఐజాక్ అయ్యగారు పిలిపించి, మిషన్ జీతం తింటా దేవుడు లేడంటావేందయ్యా అని అడిగారు. ఆ మాట నేననలేదన్నాను. నమ్మలేదు. మా ఆవిడ జీవరత్నం కూడా నమ్మలేదు. అన్నం పెడుతుంది, నా మొహం చూడదు.

30 జూలై

ఊళ్లోకి గత్తర, అదే కలరా, వచ్చింది. మా మిషన్ కాంపౌండు వెనక వీధిలో నలుగురు పోయారు. వాళ్లకూ మాకూ ఒకటే బావి. ఇంట్లో నీళ్లు కాచి తాగుతున్నాం.

2 ఆగస్టు, సాయంత్రం

రేపు గుడిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. మా గుడిలో ద్రాక్షరసం అంటే ఎండుద్రాక్ష రాత్రంతా నానబెట్టి పిసికిన నీళ్లే. ఆ నీళ్లు ఆ బావివే. అయ్యగారింటికి వెళ్లి, కాచిన నీళ్లలో నానబెట్టించమని బతిమాలాను.

ఇంకెవరడిగినా కాయించేవారే. నేనడిగాను గనుక ఒప్పుకోలేదు. మొన్న దేవుడు మొర వినడంటివి, ఇయ్యాల ప్రభువు గిన్నెలోనే గత్తర ఉందంటన్నావు, రేపు అందరి ముందరా తాగితే తాగు, లేకపోతే సోమవారం నుంచి స్కూలుకు రాబాక అన్నారు.

జీవరత్నానికి అంతా చెప్పాను. మీరు తాగకపోతే నేనూ తాగను, మీరు తాగితే ఆ నీళ్లకేం పర్లేదనుకుని నేనూ తాగుతా అంది.

3 ఆగస్టు

తాగాను.

గుడంతా నన్నే చూస్తోంది. ఉద్యోగం పోతుందని భయం. పెదాలు తడిపి గిన్నె ఇచ్చేయొచ్చు. అందరికీ కనపడేలా గుటక వేశాను. తర్వాత గిన్నె ఆడవాళ్ల వైపు వెళ్లింది.

ఇంటికొస్తుంటే జీవరత్నం నవ్వుతూ మాట్లాడింది.

5 ఆగస్టు, తెల్లవారుజామున

జీవరత్నానికి వాంతులు, విరేచనాలు. నాకేమీ లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

డాక్టరు నరసరావుపేట నుంచి రావాలి. ఉప్పునీళ్లు పట్టిస్తే నిలవడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. అయ్యగారొచ్చి మోకాళ్ల మీద ప్రార్థన చేశారు. నేనూ చేశాను. ఆయనకంటే గట్టిగా చేశాను.

6 ఆగస్టు

పోయింది.

10 ఆగస్టు

అయ్యగారు వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చారు. కాయించి ఉంటే బతికేది, నాదేనయ్యా పాపం అన్నారు. కాదన్నాను. ఆయన నా మాట నమ్మక ఇచ్చారు. నేను తెలిసి తాగాను, ఆమె చూస్తుండగా తాగాను. ఆ మాట పైకి చెప్పేశాను. దానికి ఆయన, దేవుడు నిన్ను ఎప్పుడో క్షమించాడు అన్నారు.

17 ఆగస్టు

అయ్యగారి దేవుడు నన్ను క్షమించేశాడట. ఐన్‌స్టీన్ దేవుడు ఎవరినీ శిక్షించడట. మరి నన్నెవరు శిక్షిస్తారు?