గోవిందప్పగారి కోడ్ తీసేశాను

ఎలక్ట్రానిక్ సిటీ,
బెంగళూరు.

అక్కకు సుజాత నమస్కారాలు. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను, బెంగపడకు. ఇక్కడ రోజూ సాయంత్రం వానే. సాంబారులో బెల్లం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి పంపు.

బాగానే ఉన్నానని రాశాను గానీ, మనసేం బాగాలేదక్కా.

నా పనేమిటని అడిగావు కదా. కంప్యూటరు డిస్కు నుంచి తెచ్చిన ఫైలు పేజీలను మాటిమాటికీ తేకుండా మెమరీలో దగ్గర పెట్టుకుంటుంది, అటక మీది పప్పు కొంచెం వంటింటి డబ్బాలో పోసుకున్నట్టు. దాన్ని పేజీ క్యాష్ అంటారు. మా ఫైల్ సిస్టమ్‌లో ఆ పని చూసే కోడంతా గోవిందప్పగారు సొంతంగా రాసిందే. వాళ్లది బళేపేటలో గాజుల కొట్టు, తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. నేను చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆయనే. ఇప్పుడు కెర్నెల్లోనే, అంటే కంప్యూటరును నడిపే అసలు ప్రోగ్రాములోనే, ఆ పనికి అందరికీ పనికొచ్చే ఫంక్షన్లు వచ్చాయి. ఆయన కోడ్ తీసేసి వాటిని వాడమని మేనేజరు నాకు చెప్పాడు.

ఎవరి కోడ్ తీస్తే వాళ్లకు చూపించి ఒప్పించుకోవాలి, మా దగ్గర పద్ధతి అది. భయపడుతూనే పంపాను. ఆయన ఓపిగ్గా చదివి, తన కోడ్‌లో నేను తీయకుండా వదిలేసిన ముక్కలు కూడా చూపించి తీయించారు. మీటింగులో మేనేజరు నన్ను మెచ్చుకుంటే అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. ఆ రోజే నీకు సంబరంగా ఫోను చేశాను.

తర్వాతి వారం ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ కోడ్ చూసుకోవడానికే ఆయన్ని ఉంచారట, ఇక అవసరం లేదట. ఇలా అవుతుందని ఆయనకు ముందే తెలుసని తోటివాళ్లు అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. సామాను సర్దుకుంటుంటే వెళ్లి, తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారు సార్ అని అడిగాను.

“నువ్వు రాసింది సరిగ్గా ఉండాది కదమ్మా. సరిగ్గా ఉండేదాన్ని నేను కాదంటే ఎట్ల?” అన్నారు.

యాభై దాటిన మనిషి. ఇప్పుడు కొట్లో తమ్ముడి పక్కన కూర్చుంటున్నారట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టయింది నా పని. మొన్న ఆదివారం బళేపేట దాకా వెళ్లి, వాళ్ల కొట్టున్న సందులోకి తిరగలేక వచ్చేశాను.

అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. నాన్న నా గొప్ప ఊళ్లో చెప్పుకుంటుంటే ఇక చాలించమను. మీ దీవెనలే నాకు అండ.

నేను మార్చిన ఆ కోడ్ ఫైలు మొదట్లో, రాసినవారి పేరు ఇంకా గోవిందప్పగారిదే ఉంది. దాని కింద నీ పేరు వేసుకోమ్మా అని వెళ్తూ చెప్పారు. ఇంతవరకు నాకు చెయ్యి రాలేదక్కా.

నీ చెల్లెలు,
సుజాత