బిందుప్రియ బ్రాంచీ, సూర్యం మావయ్య బ్యాండూ

గోల్‌మురి, జంషెడ్‌పూర్

సూర్యం మావయ్యకి,
నిచ్చెన మీంచే నమస్కారం.

నీకు ఫోన్ లేదు, కొనవు. పోస్ట్‌మేన్‌గా రిటైరై ఇన్నాళ్లయినా "కాగితం మీద లేని మాట మాటే కాదు" అంటావు. సరే, రాస్తున్నాను. నేను చదివింది హిందీ మీడియం. తెలుగు రాత పాత కేలండర్లు చూసి నాకు నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువు.

విషయం ఇది. డిప్లొమా అయ్యింది. టెంట్ హౌస్‌లో పూజా పందిళ్లకి లైట్లు కడుతున్నాను. ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. నాకు లైటింగ్‌లోనే బతకాలని ఉంది. బల్బులు వేలాడదియ్యడం కాదు మావయ్యా, వెలుగు ఎక్కడ పడాలి, ఎక్కడ పడకూడదు అని నిర్ణయించే పని. స్టేజీలకి, వీధులకి, ఫ్యాక్టరీ షెడ్లకి. తీరా చూస్తే ఆ పేరుతో ఇక్కడ బ్రాంచే లేదు! మరి ఎలక్ట్రికల్ తీసుకోవాలా, ఎలక్ట్రానిక్సా, బిల్డింగుల సంగతీ తెలియాలి కాబట్టి సివిలా? మొన్న పాటల ప్రోగ్రాంకి వైజాగ్ నుంచి లైట్లు తెచ్చిన ఇంజినీరు సుధారాణి మేడమ్ "ఎలక్ట్రికల్ పునాది, మిగతాది దాని మీద కట్టుకో" అంది.

నెలాఖరులోగా బ్రాంచి చెప్పకపోతే సీటు పోతుంది. మళ్లీ ఏడాదంతా నిచ్చెనే. అమ్మేమో "మేనమామ మాట రాకుండా మనింట్ల ఏ పనీ మొదలెట్టరు" అని భీష్మించుకుంది. ఒక్క ముక్క రాయి. బ్రాంచి పేరు. బస్, అంతే.

తొందరలో ఉన్న నీ మేనకోడలు,
బిందుప్రియ

తా.క.: నేను సాక్చి పందిట్లో ఉంటాను. దీన్ని అమ్మే పోస్టు చేస్తుంది.

* * *

టెక్కలి

చిరంజీవి బిందుప్రియకి మేనమామ దీవెనలు.

తెరవకుండానే తెలిసిపోయింది తల్లీ! సర్వీసంతా ఊరి ఉత్తరాలు మోసినవాణ్ణి. కవరు మూలలు చూస్తే చాలు, లోపల ఏముందో వీధి మొదట్లోనే కేకేసి చెప్పేవాణ్ణి. ఒక్కసారీ తప్పలేదు. నీ ఉత్తరం అందుకోగానే "మా మేనకోడలి పెళ్లోయ్!" అని అరిచాను. మీ పైడమ్మత్త పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత తెరిచి చూశాను. పెళ్లి మాట ఎక్కడా లేదు. సిగ్గు! మీ అమ్మ నూకాలు పెంపకం అలాంటిది. ఏవో బ్రాంచీలంటూ చుట్టూ తిప్పావు గానీ, సుధారాణి గారి పేరు దగ్గర దొరికిపోయావు. అబ్బాయి తల్లన్నమాట. చదువుకున్న అత్తగారు దొరికింది. కాబోయే కోడలితో పునాదుల సంగతి మాట్లాడిందంటే ఇల్లు కూడా కడుతున్నట్టున్నారు.

ఇక్కడ పనులన్నీ చూసుకుంటున్న
నీ మావయ్య సూర్యం

తా.క.: అబ్బాయి పేరు రాయడం మరిచిపోయావు. శుభలేఖలో ఖాళీ వదలమన్నాను.

* * *

గోల్‌మురి

మావయ్యా,
నమస్కారం చివర్లో పెడతాను. ముందు ఇది చదువు.

పెళ్లేటి? ఎవరికి? నీ ఉత్తరం చదువుతుంటే చేతిలో స్క్రూడ్రైవర్ జారి కింద మా సేఠ్ టీ గ్లాసులో పడింది. "క్యా హువా?" అన్నాడు. "మేరీ షాదీ" అన్నాను. "బధాయీ హో" అని టీ పారబోసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు పందిరి కింద అందరూ లడ్డూలడుగుతున్నారు.

పెళ్లి లేదు. అబ్బాయి లేడు. సుధారాణి మేడమ్ ఎవరికీ తల్లి కాదు, ఆవిడకి పెళ్లే కాలేదు! నేనడిగింది బ్రాంచి. నెలాఖరు మీదికొచ్చేస్తోంది. నీ మాట రాందే అమ్మ కాలేజీ గడప తొక్కనివ్వదు. ఇంత రాశాను కదా, కళ్లు పెట్టి చదవలేదా?

ఇదిగో నమస్కారం.
బిందుప్రియ

తా.క.: ఆ ఖాళీ ఖాళీగానే ఉంచు. అసలు ఆ కార్డే ఆపు. దీన్నీ అమ్మే పోస్టు చేస్తుంది, నేను దిగేసరికి పోస్టాఫీసు మూసేస్తారు.

* * *

టెక్కలి

అమ్మడికి ఆశీస్సులు.

అబ్బాయి తల్లికే పెళ్లి కాలేదని రాశావు. అది విని మీ అత్త మంచమెక్కింది. ఆవిడకి నేనే ధైర్యం చెప్పాను, రోజులు మారాయి, మనమూ మారాలి అని. సర్దుకుపోతాం.

సీతారామరావు బ్యాండు మాట్లాడేశాను. నీకు లైట్లంటే ఇష్టం కాబట్టి ఊరేగింపుకి పెట్రోమాక్సులు కూడా చెప్పాను. రైలు టిక్కెట్లూ తీసేశాం. అందరం మీ ఊరి స్టేషన్లో, టాటానగర్‌లో దిగుతాం.

నీ సిగ్గు చూసి ముచ్చటపడుతున్న
సూర్యం మావయ్య

తా.క.: పెళ్లి లేదు లేదంటూనే నాలుగు మూలలకీ పసుపు ఇంత దట్టంగా పూసి పంపావేమే? పోయినసారికి రెట్టింపుంది! రాసిన మాట అబద్ధం కావచ్చు గానీ పసుపు ఎక్కడైనా అబద్ధమాడుతుందా?

* * *

గోల్‌మురి

మావయ్యా!

పసుపా? నేనా? ఉత్తరం పట్టుకుని తిన్నగా వంటింట్లోకెళ్లాను. అమ్మ పోపుల డబ్బా ముందే ఉంది.

"శుభలేఖకి పెట్టాల్సిన పసుపు నా ఉత్తరానికెందుకు పెట్టావే?"

"ఏటి, కాలేజీకెల్తానని రాసినావు కాదేటి? మనింట్ల ఆడపిల్ల ఎవులైనా ఇంజినీరింగ్ సదివినారా? అంతకన్నా సుబమేటుంటాదే?"

"మరి రెండోదానికి రెట్టింపెందుకు?"

"నువ్వు కోపంగా రాసినావు. సల్లబడతాదని."

గోల్‌మురిలో నేనంటే అందరికీ హడల్ మావయ్యా. అమ్మ ముందు మాత్రం పోపుల డబ్బాకి మూత పెట్టి బయటికొచ్చేశాను.

ఈ ఉత్తరం నేనే వేస్తున్నాను, పని ఎగ్గొట్టి. మూలలు తెల్లగా ఉంటాయి. సీటు పోతే నేనేమైపోతానో నాకే తెలీదు. బ్యాండు ఆపు. బ్రాంచి రాయి.

నీ కాళ్లకి మొక్కుతూ, పళ్లు కొరుకుతూ,
బిందుప్రియ

తా.క.: మూలలు చూడకు. మధ్యలో చదువు.

* * *

టెక్కలి

తల్లీ బిందూ,

తెల్ల మూలలు చూడగానే "పెళ్లి తప్పిపోయింది దేవుడో" అని మీ అత్త గొల్లుమంది. వీధి వీధంతా పరామర్శకొచ్చారు. వాళ్లని సాగనంపి, తలుపేసుకుని, నువ్వు చెప్పినట్టే మధ్యలో చదివాను. పాత రెండూ తీసి అవీ చదివాను.

సర్వీసులో పైన చిరునామా, మూలల్లో రంగు, అంతవరకే మాది. లోపల చూడ్డం నేరం. వీధులన్నిటికీ పంచాను గానీ నా పేరున ఒక ఉత్తరం రావడం ఇదే మొదలు. లోపల కూడా మనసుపెట్టి చదవాలని తోచలేదే.

ఎలక్ట్రికల్ తీసుకో.

ఎందుకంటావా? మూడు బ్రాంచీలు రాశావు. ఎలక్ట్రికల్ అన్నచోట పెన్ను ఎంత నొక్కావంటే కాగితం వెనక నా వేలికి తగులుతోంది. మిగతా రెండూ తగల్లేదు. నన్నడిగే ముందే నువ్వు ఎంచేసుకున్నావు.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, గడువులోపే చేరుతుంది. నాలుగు మూలలకీ మీ అత్త పసుపు పూసింది. మీ అమ్మకి చదివి వినిపించక్కర్లేదు, చేతికియ్యి చాలు.

నీ మొదటి ఉత్తరం దాచుకున్న
మావయ్య సూర్యం

తా.క.: బ్యాండు ఆగదు. కాలేజీ గేటు దాకా ఊరేగింపు. రైల్లో కిరసనాయిలు ఎక్కనివ్వరు కాబట్టి పెట్రోమాక్సులు ఖాళీగా తెస్తున్నాం, నూనె నువ్వు చూడు. మోసేవాళ్లు అంత దూరం రామన్నారు, అందుకని నేనూ మీ అత్తా నెత్తిన పెట్టుకుంటాం. ఎవరు ఎక్కడ నిలబడాలో, వెలుగు ఎక్కడ పడాలో నువ్వే చెప్పాలి. కాలేజీలో చేర్చుకునేది పట్టపగలంట కదా. అయినా వెలిగిస్తాం.