తుడిస్తే చెడిన గాజు

చదువులమ్మకు నాయనమ్మ దీవించి రాయించేది. నా ఒంటికేమీ కాలేదు, కంగారు పడకండి. తిరుగుతున్నది నా బుర్రే.

నేను గాజుసామాను కడిగే ప్రయోగశాలలో, నీళ్ళలో పులుపెంతో అంకెల్లో చూపే మీటరు ఒకటుంది. దానికి కొసన బుడగలాంటిదున్న గాజుపుల్ల. పోయిన వారం అది ఒక చిన్న సీసాలో నానుతుంటే, పాచినీళ్ళనుకుని పారబోశాను. బుడగను పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచి పక్కన పెట్టాను. రెండు రోజులకు మీటరుకు పిచ్చెక్కింది, అంకె ఒకచోట నిలవదు. పరీక్షలు చేసే అమ్మాయే పాడుచేసిందని, వచ్చే సోమవారం నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నాడు పెద్దసారు.

"పగల్లేదు కదయ్యా, చుక్కలా ఉంది!" అన్నాను.

"ఎండిపోయిందమ్మా. ఆ గాజు ఎప్పుడూ తడిగా ఉండాలి" అన్నాడు.

ఎండితే చెడడానికి అదేమన్నా చేపా? ఇన్నేళ్ళు గాజు కడిగాను, శుభ్రం చేస్తే చెడే గాజును ఎక్కడా చూడలేదు. నీ పుస్తకాల్లో చూసి తిరుగు టపాలో నిజం రాయి. తప్పు నాదైతే నేనే వెళ్ళి ఆయన ముందు నిలబడతాను. తుడిచింది నేనని ఇన్నాళ్ళూ నోరు విప్పనిది భయంతో కాదు, అర్థంకాక.

మీ నాన్న దగ్గు తగ్గిందా? పెరటి తలుపుకు గడియ పెట్టించారా? నా ఉన్ని శాలువ పంపండి.

ఈ కార్డు రాసిపెడుతున్నది పరీక్షలు చేసే ఆ అమ్మాయే. తుడిచానన్న చోట కలం ఆపి నా మొహంలోకి చూసింది. "ఆపకు, నేనేనని రాయి" అన్నాను. రాసింది. అందరూ చల్లగా ఉండండి.