పిడికెడు బియ్యం, సూది, ఒక బిళ్ల

బాచోక్, కెలంతన్, మలేసియా
అక్టోబరు 6

ప్రియమైన సుహైలాకు,

ఇల్లు చేరాను. వెళ్లిన నాలుగో రోజుకే గుమ్మంలో దిగిన నన్ను చూసి మన కోళ్లు కూడా తెల్లబోయాయి. మీ అన్న రొస్లీ మాత్రం "ఇంగ్లండ్ ఎలా ఉందమ్మా, ఎయిర్‌పోర్టులో బల్లలు మెత్తగా ఉన్నాయా?" అని అడిగాడు. వారం దాకా వాడికి కూర వండనని చెప్పేశాను.

ఫోన్‌లో మాట్లాడుకుంటే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం, చెప్పాల్సిన సంగతి చెప్పకుండానే ఉండిపోతోంది. అందుకే కాయితం మీద రాస్తున్నాను. దీన్ని దావూద్ పంతులుగారు ఫొటో తీసి నీ ఫోన్‌కి పంపుతానన్నారు. రిటైరయ్యాక ఆయనకు మాత్రం వేరే పనేముంది.

జరిగింది ఇది. పాస్‌పోర్టు చూసే అధికారి మర్యాదస్తుడే. మన భాష వచ్చిన ఒకావిణ్ణి ఫోన్‌లో దుబాసీగా పెట్టాడు. ఎందుకొచ్చావన్నాడు. మా అమ్మాయికి పురుడు, పని చెయ్యడానికొచ్చానన్నాను. మరేం చెప్పను? కూతురు పురిటి మంచం మీద ఉంటే నేను కాళ్లు చాపుకుని కూర్చోడానికొచ్చానని చెప్పుకోవాలా? ఏం పని అన్నాడు. పెట్టె విప్పి కాపడం రాయి, నడికట్టు గుడ్డలు, నూనె సీసా చూపించాను. నీ వృత్తి ఇదేనా అన్నాడు. నలభై ఏళ్లుగా బాలింతలకు ఒళ్లు పట్టే మంత్రసానినన్నాను. నీ కూతురు నీకు డబ్బు ఇస్తుందా అన్నాడు. ఇవ్వకపోతే ఎలా ముట్టుకుంటానన్నాను. ఫోన్‌లో ఉన్నావిడ చిన్నగా దగ్గింది.

అతను పక్క గదిలోకి వెళ్లి ఎవరికో ఫోన్ చేసుకుని వచ్చాడు. వెళ్లేటప్పుడు ఉన్న మొహం వచ్చేటప్పుడు లేదు. మర్నాడు వెనక్కి వచ్చే విమానం ఎక్కించారు. టీ ఇచ్చారు, దుప్పటి ఇచ్చారు, నన్నెవరూ ఒక్క మాట అనలేదు. ఒక కాయితం కూడా ఇచ్చారు. శుక్రవారం నమాజు అయ్యాక దాన్ని పంతులుగారు చదివి చెబుతారట.

పాపం అల్లుడు బయట ఎంతసేపు నిలబడ్డాడో. నీ కాళ్లు వాచాయా? ఉప్పు తగ్గించు. ఎడమవైపు తిరిగి పడుకో. నీకోసం అరగదీసి నున్నగా చేసిన ఆ రాయి మళ్లీ నా పెట్టెలోనే తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చింది దానికే.

ఉంటాను,
నోటికి తాళం లేని నీ అమ్మ

*

లీడ్స్
అక్టోబరు 9

ప్రియమైన అమ్మకు,

కాళ్లు వాచాయి. ఉప్పు తగ్గించాను. ఎడమవైపే పడుకుంటున్నాను. ఇక నన్ను తిట్టడానికి నీకేం మిగల్లేదు.

ఖైరుల్ ఆ రోజు శాలువా పట్టుకుని ఆరు గంటలు నిలబడ్డాడు. "మీ అమ్మ వండే కొర్రమీను పులుసు ఒక్క గిన్నె పోసి ఉంటే ఆ అధికారే ఆవిణ్ణి ఇంటిదాకా దింపేవాడు" అంటున్నాడు. నవ్వించాలని చూస్తాడు, నాకు నవ్వు రావట్లేదు.

వీసా లాయరును కలిశాం. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇక్కడ డబ్బుకు పని చెయ్యకూడదట. మనవాళ్లు చుట్టపు చూపుగా వస్తే వీసా అక్కర్లేదు కానీ, ఒకసారి వెనక్కి పంపాక మళ్లీ ఊరికే వచ్చి దిగితే మళ్లీ పంపేస్తారట. ముందే విజిటర్ వీసాకు దరఖాస్తు పెట్టి, అప్పుడేం జరిగిందో నీ మాటల్లో రాయాలట. నేనూ ఒక ఉత్తరం జత చెయ్యాలి. రెండూ పక్కపక్కన పెట్టి చదువుతారట.

నువ్వు రెండే ముక్కలు రాస్తే చాలు. "ఆ పని ఎప్పుడో మానేశాను. డబ్బు మాట దుబాసీ పొరపాటు." ఇంతే. నీకు నెల రోజుల్లో వీసా వస్తుంది. పురిటికి అందకపోయినా నలభై నాలుగు రోజుల పథ్యంలో సగానికైనా నువ్వు నా దగ్గరుంటావు. నాకు భయంగా ఉందమ్మా. క్లినిక్‌లో రోజంతా ఫిజియోథెరపీ పేషెంట్లకు ఇలా వంగండి, అలా నడవండి అని చెబుతాను. నాదాకా వచ్చేసరికి ఒక్కటీ గుర్తుకు రావట్లేదు.

ఆ కాయితం పంతులుగారు చదివారా? అంతా చదివారా? దాన్ని పట్టించుకోకు. అందరికీ ఒకేలా రాసిస్తారట. ఫొటో తీసి నాకు పంపితే చాలు.

ప్రేమతో,
నీ సుహైలా

*

బాచోక్
అక్టోబరు 13

ప్రియమైన సుహైలాకు,

పంతులుగారు కాయితం మొదటి నుంచి చివరిదాకా చదివారు. చదివి కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తప్పు నా నోటిదే అని తేలింది. ఇక ఆ మాట వదిలెయ్.

నువ్వు చెప్పిన రెండు ముక్కలూ మాత్రం రాయను. పని మానేశానని రాయమన్నావు. మొన్న బుధవారమే పడవల రేవు దగ్గర సామె ఇంటి కోడలికి నడికట్టు కట్టి వచ్చాను. ఆ పిల్ల నడుము మీద నా చేతి గుర్తులు ఇంకా మాసి ఉండవు. ఇక డబ్బు మాట దుబాసీ పొరపాటా? పాపం, ఆ దగ్గినావిడ ఏం చేసింది? నేనన్నదే చెప్పింది.

నీకు తెలియనిదా? పెంగ్‌కెరస్ పళ్లెం పెట్టించుకోకుండా మంత్రసాని చెయ్యి వెయ్యకూడదు. పిడికెడు బియ్యం, దారం ఎక్కించిన సూది, రెండు తమలపాకులు, ఒక చిల్లర బిళ్ల. తీసుకోకుండా ముట్టుకుంటే బాలింత నొప్పి ఆమెను వదిలి మంత్రసాని వెంట ఇంటికొస్తుంది. మంత్రసాని కూతురైతే ఇద్దరినీ పట్టుకుంటుంది. మీ నానమ్మ కాలు విరిగినప్పుడు కూడా నేను పళ్లెం పెట్టించుకున్నాకే పట్టాను. "అత్త దగ్గర కూడా వసూలేనా" అని ఊరంతా నవ్వారు, ఆవిడ మాత్రం లేచి నడిచింది. నీకు ఇవన్నీ మూఢనమ్మకాలుగా కనిపిస్తాయి, కనిపించనీ. నా చేతులకు మాత్రం ఇదే ధైర్యం.

అందుకే జరిగింది జరిగినట్టు రాయించాను. బియ్యం, సూదితో సహా. "వృత్తి" అన్న చోట పంతులుగారు గృహిణి అని పెట్టబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "గతంలో ఎప్పుడైనా ప్రవేశం నిరాకరించారా" అన్నదానికి అవును అని పెట్టించాను. ఇక నీ ఉత్తరం ఒక్కటే రావాలి. అది రాగానే వేలిముద్రలకు కౌలాలంపూర్ వెళతాం. పంతులుగారు బస్సు టిక్కెట్లు అప్పుడే చూసుకుంటున్నారు, నాకంటే ఆయనకే ఉత్సాహంగా ఉంది.

నిజమేదో అదే రాయి. నేనేమీ అనుకోను.

దువాలతో,
నీ అమ్మ

*

లీడ్స్
అక్టోబరు 24

ప్రియమైన అమ్మకు,

పద్దెనిమిదిన పాప పుట్టిందని ఖైరుల్ నీకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు నేను నీతో మాట్లాడలేదు. అలసట వల్ల అనుకుని ఉంటావు. కాదు.

నడుముకు ఖైరుల్ లుంగీ కట్టుకున్నాను. నాలుగడుగులు వేసేసరికి ఊడిపోతోంది. ఇక్కడ కొర్రమీను లేదు, ఏదో సముద్రపు చేప మిరియాలతో ఉడికించి పెడుతున్నాడు. కుట్లు లాగుతున్నాయి. పాప నీలాగే నుదురు ముడిచి చూస్తోంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని పది రోజులుగా రాయలేని ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను.

ఆ అధికారి పక్క గదిలోంచి ఫోన్ చేసింది నాకే.

అది సెలవుకు ముందు క్లినిక్‌లో నా ఆఖరి రోజు. తోటివాళ్లు నలుగురు కేకు కోయిస్తున్నారు. "మీ అమ్మగారు బాలింతలకు మర్దన చేసే ఆవిడట, మీరు డబ్బు ఇస్తారట, నిజమేనా" అని అడిగాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను నవ్వేసి, అలాంటిదేమీ లేదు, మా అమ్మకు ఆ పనే రాదు, ఆవిడ మామూలు గృహిణి అన్నాను. తల్లి ఒకటి చెబుతోంది, కూతురు ఒకటి చెబుతోంది, ఏదో దాస్తున్నారు అనుకున్నారు. నిన్ను వెనక్కి పంపింది అందుకే. నువ్వన్న నిజానికి కాదు, నేనన్న అబద్ధానికి.

నీ మేలు కోసమే అన్నానని ఇన్నాళ్లూ సర్ది చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం సిగ్గు. నువ్వు మీగడలా మెత్తగా చేసే పనినే నేను ఐదేళ్లు చదువుకుని తెల్లకోటు వేసుకుని చేస్తున్నాను. అయినా నలుగురి ముందు, మా అమ్మ మంత్రసాని అనడానికి నాకు నోరు రాలేదు. పైగా నిన్నూ ఆ అబద్ధమే రాయమన్నాను. నీ ఉత్తరం నా అబద్ధాన్ని బయటపెడుతుందని నా భయం.

నా ఉత్తరం నిన్న లాయరుకు ఇచ్చాను, పంతులుగారికీ పంపాను. అందులో ఇదే ఉంది. "ఆ రోజు నేను తప్పు చెప్పాను. మా అమ్మ మంత్రసాని. నేను ఆమెకు ఇచ్చేది పిడికెడు బియ్యం, సూది, తమలపాకులు, ఒక బిళ్ల. అది జీతం కాదు, మా ఆచారం." ఇది చదివి వీసా ఇవ్వకపోయినా ఇవ్వకపోవచ్చని లాయరు అన్నాడు.

నన్ను తిట్టు.

నీ సుహైలా

*

లీడ్స్
నవంబరు 9

అమ్మా,

పదహారు రోజులైంది. రోజూ ఖైరుల్‌కు ఫోన్ చేస్తున్నావట. అల్లం ఎంత వెయ్యాలో, పాపకు ఎన్నిసార్లు పాలివ్వాలో చెబుతున్నావట. నన్ను పిలవమని ఒక్కసారీ అనలేదట. నాకర్థమైంది. నేను అడగను. పాపకు నీ పేరు కలిపి సలామా హుస్నా అని పెట్టాం. అది చెబుదామనే రాశాను.

సుహైలా

*

బాచోక్
నవంబరు 16

ప్రియమైన నా చిన్నదానికి,

వీసా వచ్చింది. పంతులుగారు పాస్‌పోర్టు పట్టుకుని సైకిల్ మీద వర్షంలో తడుస్తూ వచ్చారు. పాస్‌పోర్టు మాత్రం పొడిగా ఉంది, నాలుగు కవర్లలో చుట్టారు.

ఎందుకు రాయలేదో చెబుతాను. ఆ అధికారి ఎవరికి ఫోన్ చేశాడో నాకు తెలిసింది నీ ఉత్తరం వచ్చాక కాదు. ఆ మొదటి శుక్రవారమే తెలుసు. ఆ కాయితంలోనే ఉంది, "ఆమెకు ఆ పని రాదని ఆమె కుమార్తె తెలిపింది" అని. అది చదివాకే పంతులుగారు కళ్లజోడు తుడుచుకున్నది. నిండు నెలల మనిషివి, నీకెందుకు చెప్పడం అని ఊరుకున్నాను. రొస్లీకి కూడా చెప్పలేదు. వాడు ఇప్పటికీ నా నోటినే ఆడిపోసుకుంటున్నాడు.

తెలిసిన సంగతేగా, మళ్లీ చదివితే ఏమౌతుందిలే అనుకున్నాను. కానీ అదే మాట నీ చేతిరాతలో చూసేసరికి బాధేసింది. చాలా బాధేసింది, ఎందుకు దాచాలి. ఆ బాధతో రాస్తే కాయితం మీద ఉండిపోతుంది, తర్వాత చెరిపినా పోదు. అందుకే ఊరుకున్నాను. ఇప్పుడు లేదు. ఎప్పుడు పోయిందో కూడా చెబుతాను.

పోయిన వారం కౌలాలంపూర్‌లో వేలిముద్రలు తీసే అమ్మాయి నా వేళ్లు గాజు మీద పెట్టమంది. మిషన్ ఒప్పుకోలేదు. తుడిచి పెట్టమంది, ఒత్తి పెట్టమంది, క్రీము రాసి పెట్టమంది. ఒక్క గీతా పడలేదు. "ఏం పని చేస్తారమ్మా, గీతలన్నీ అరిగిపోయాయి" అంది. నలభై ఏళ్ల నూనె, నలభై ఏళ్ల నడుములు అని చెప్పాను. ఆ అమ్మాయి నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. "మా అమ్మకూ ఇలాగే చేశారు ఎవరో, నేను పుట్టినప్పుడు" అంది. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నా అరచేతులు వాసన చూసేదానివి, ఇవాళ ఎవరికి పురుడు అని. నీకు సిగ్గు తర్వాత ఎక్కడో నేర్పారు, అది నీతో పుట్టింది కాదు. దాంతో బాధ పోయింది.

మనవరాలికి నా పేరెందుకు, నుదురు చాలదా. ఇరవయ్యో తారీకున దిగుతాను. నలభై నాలుగులో పదకొండు రోజులు మిగులుతాయి. పదకొండు రోజులు చాలు నాకు, నీ నడుము నిలబెట్టేస్తాను. రాయి, గుడ్డలు, నూనె అన్నీ మళ్లీ సర్దాను. నువ్వు పళ్లెం సిద్ధంగా ఉంచు. తమలపాకులు దొరక్కపోతే మానెయ్, సూది మాత్రం మరిచిపోకు.

వీసా ఉన్నా అక్కడ పాస్‌పోర్టు చూసే కిటికీ దగ్గర మళ్లీ అడుగుతారట. పోయినసారి చెప్పిందే చెబుతాను. నాకు ఇంకో జవాబు రాదు. నీకు మళ్లీ ఫోన్ చేస్తారేమో. అప్పుడు నీ పక్కన ఎంతమంది ఉన్నా, మా అమ్మ మంత్రసాని అని చెప్పు. వాళ్లందరికీ వినపడేలా చెప్పు.

నీ అమ్మ,
మంత్రసాని సలామా