రెండు సీట్ల పెళ్లికారు

పాల్వంచ,
శుక్రవారం.

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ తమ్ముడు సాంబయ్యను, నీ పాదాలకు నమస్కారం చేసి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావగారు, పద్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నల్ల గేదె ఈనిందా? ఈ మాటలు అడిగే హక్కు మూడేళ్ల కిందటే పోగొట్టుకున్నానని తెలుసు. అయినా ఉత్తరమంటే ముందు క్షేమం అడగాలని నేర్పింది నువ్వే కనక అడుగుతున్నాను.

శుభలేఖ అందింది. కవరు మీద చిరునామా పద్మ రాసింది. పలక మీద ఆ అక్షరాలు దిద్దించినవాణ్ని నేనే, గుర్తుపట్టనా? లోపల నీ చేత్తో రాసిన ముక్క ఏదైనా ఉంటుందేమోనని కవరు పూర్తిగా చింపి చూశాను. లేదు. మన పక్కూరి సుబ్బారావు ఇక్కడే మా కరెంటు ప్లాంటులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. మొన్న సెలవు మీద ఊరొచ్చి తిరిగొచ్చాక ఒక మాట చెప్పాడు. పెళ్లిలో పద్మను బుట్టలో మోసుకొచ్చే మేనమామ వరసకు, మన పెదనాన్న కొడుకు వెంకటేశ్వర్లు అన్నయ్యను అడిగారట. ఆ మాట విన్నప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ ఉత్తరమే మూడుసార్లు మొదలుపెట్టి లేచాను. లేచి కారు చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాను.

కారు అన్నానని కళ్లు పెద్దవి చేయకు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పనికేం, బాగానే ఉంది. టర్బైన్ సెక్షన్లో ఫిట్టరుగా చేస్తున్నాను. మెస్సులో తింటాను. కూరల్లో కారం ఎక్కువ, పులుపు తక్కువ. పచ్చడి పంపమని అడిగే మొహం లేదు కాబట్టి అడగడం లేదు. ఎండలు చెప్పనక్కర్లేదు, ఇక్కడ బొగ్గు నేల మీదా మండుతుంది, కిందా మండుతుంది. షిఫ్టు అయిపోయి గదికి వస్తే మాత్రం ఏం చేయాలో తోచదు. మంచం మీద పడుకుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపిస్తుంది. కాలుకాలిన పిల్లినని బావగారు ఊరికే అనేవారు కాదు. స్కూటరు మీద వైరా చెరువు దాకా పోయి, కట్ట మీద అయిదు నిమిషాలు కూడా నిలబడకుండా తిరిగొచ్చిన రోజులున్నాయి.

అలాంటి రోజుల్లోనే ఆ కారు కనపడింది. ప్లాంటు కట్టే రోజుల్లో మిషన్లు బిగించడానికి వచ్చిన ఓ దొర దాన్ని తెచ్చుకున్నాడట. వెళ్లిపోతూ ఒక కాంట్రాక్టరుకు అమ్మాడు. కాంట్రాక్టరు పొట్ట స్టీరింగు కింద పట్టక, షెడ్డులో టార్పాలిన్ కప్పి వదిలేశాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. పైన గుడ్డ టాపు, కావాలంటే వెనక్కి మడిచేయొచ్చు. లోపల తోలు సీట్లు పగిలిపోయినా, ముందు చెక్క మాత్రం మన అమ్మ భోషాణంలా నిగనిగలాడుతోంది. ఎంత పొట్టిదంటే ఎడ్లబండి తోలేవాడు నన్ను పైనుంచి వంగి చూస్తాడు. ఎవరు చూసినా ఒకటే ప్రశ్న, మిగతావాళ్లు ఎక్కడ కూర్చుంటారని. మిగతావాళ్లు నాకు లేరు గదా అని కొన్నాను. స్కూటరు అమ్మేశాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అని నువ్వు అనుకుంటున్నది నాకు ఇక్కడికే వినపడుతోంది.

రిపేరుకు నాలుగు నెలలు పట్టింది. దానికి సామాన్లు ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకవు. క్లచ్ ప్లేటు విజయవాడలో పాత ఇనుము కొట్లో వెతికి పట్టుకుని, కొత్తగూడెంలో లేతు మీద అరగదీయించాను. స్టార్టయిన రోజు మాత్రం, అక్కయ్యా, నేను నవ్విన నవ్వుకు ఇంటాయన బయటికొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఆ సాయంత్రమే టాపు మడిచి భద్రాచలం రోడ్డు పట్టాను. రెండు పక్కలా అడవి, గాలి చెవుల్లో హోరెత్తుతోంది. ఎక్కడికైనా పోవచ్చు, ఎంత జోరుగానైనా పోవచ్చు అనిపించింది. సారపాక దాటేసరికి వాన. టాపు వేద్దామంటే ఇనుప చువ్వలు తుప్పుపట్టి కదలలేదు. గోదావరి వంతెన మీద ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో స్టీరింగు. కాపలా జవాను నన్నాపి, ఏమీ అడగలేక నవ్వి పంపించాడు. తడిసి ముద్దయి తిరిగొచ్చాను. పక్క సీటులో నీళ్లు నిలిచాయి.

జోరుగా పోవడం అంతటితో సరి. ఎందుకో విను.

మా ఇంటాయన పేరు రాజయ్య. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. నన్ను సొంత మనిషిలా చూసుకుంటాడు, జొన్నరొట్టె చేస్తే ఒకటి నాకూ పంపుతాడు. ఆయన చిన్న కూతురి పెళ్లికి నాలుగు రోజుల ముందు వచ్చి, "మా బిడ్డ బరాత్‌కు నీ కారియ్యాలె తమ్మీ. గిది పిల్లా పిలగాడు కూసునేటందుకే చేసినట్టున్నది" అన్నాడు. ఇది ఊరేగింపు బండి కాదు మహాప్రభో, పరుగెత్తే బండి, నిమ్మళంగా పోతే ఇంజను ఉడికిపోతుందని చెప్పి చూశాను. ఆయన విన్నాడు, తల ఊపాడు, బంతిపూల వాడికి కారు కొలతలు ఇచ్చి వెళ్లిపోయాడు.

మడిచిన టాపు మీద బొంత పరిచి పెళ్లికూతురిని, పెళ్లికొడుకును పైన కూర్చోబెట్టి, వాళ్ల కాళ్లు నా పక్క సీటులో పెట్టించారు. ముందు బ్యాండు, దాని ముందు చిందులేసేవాళ్లు. మనిషి నడకకన్నా నిదానంగా, ఫస్టు గేరులో, సగం క్లచ్ మీద, మధ్యమధ్య రేడియేటరులో నీళ్లు పోసుకుంటూ మైలు దూరానికి గంటన్నర పోయాను. అంతే, ఆ రోజుతో ఊరంతా తెలిసిపోయింది. శ్రావణంలో మూడు, మాఘంలో ఆరు. ముహూర్తం వస్తే చాలు, గేటు దగ్గర మనుషులు. కాలనీలో నా పేరు పోయి పెళ్లికారు సారునయ్యాను. షిఫ్టులు మార్చుకోలేక చస్తున్నాను. ఎగిరిపోదామని కొన్న బండిని పాకిస్తూ బతుకుతున్నాను.

కానీ ఒకటి చెప్పాలి. పెళ్లయిన ఇద్దరూ మొదట మాట్లాడుకునే మాటలు నా తల వెనకే పడతాయి. బ్యాండు ఆగినప్పుడు వద్దన్నా వినపడతాయి. ఒక కుర్రాడు కాళ్లు నొస్తున్నాయా అని అడిగితే, ఆ పిల్ల అవ్ అంది. ఇంకో పిల్ల ఊరంతా తిరిగాక, అలా చూడకు మా అన్నలు చూస్తున్నారంది. ఇవి వింటుంటే మన పద్మ గుర్తొచ్చేది. అది కూడా ఎవరితోనో ఇలా మాట్లాడాలి, నాతో కాదు. ఆ మాట నేను నీ ముందు నిలబడి చెప్పి ఉండాల్సింది. అది పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ పోయాక నువ్వు దాన్ని చంకన వేసుకుని, నన్ను చేయి పట్టుకుని పెంచావు. నువ్వు పొలానికి పోతే దాన్ని నేనే ఎత్తుకుని తిరిగేవాణ్ని. వరస కుదురుతుందని మీరు మాకు పెళ్లి తలపెట్టారు, మీ ప్రేమ కొద్దీ తలపెట్టారు. నేను కాదనడం తప్పు కాదు అక్కయ్యా. తాంబూలాల నాడు పొద్దున్నే పాలకని చెంబు తీసుకుని వెళ్లి, చెంబు కొట్లో పెట్టి బస్సెక్కడం తప్పు. వచ్చిన చుట్టాల ముందు నువ్వూ బావగారూ ఎలా నిలబడ్డారో నేను చూడలేదు. పద్మ ముఖం చూడలేదు. చూడకుండా పారిపోవడానికే పోయాను. ఇన్నాళ్లు ఒక్క ముక్క కూడా రాయకపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

ఈ మాట రాయడానికి ధైర్యం పోయిన సోమవారం వచ్చింది. ధైర్యం కాదు, భయమే అనుకో.

రాజయ్య బంధువుల ఇంట్లో ఇల్లెందులో పెళ్లి. ముహూర్తం పగలు పదకొండింటికి. ఊరేగింపు సాయంత్రమైనా నన్ను పొద్దున్నే భోజనానికి రమ్మన్నారు. పెళ్లికూతురి పేరు భాగ్య. వాళ్లలోనూ మేనమామే బుట్ట పట్టాలి. ఆ మేనమామకు బావతో ఏదో మాట పట్టింపు. వస్తానని కబురు పంపి రాలేదు. పిల్ల బుట్టలో కూర్చుంది, ముగ్గురు మూడు వైపులా పట్టుకున్నారు, నాలుగో వైపు ఖాళీ. పంతులుగారు వేళ మించుతోందని అరుస్తున్నారు. రాజయ్య చుట్టూ చూసి నన్ను పిలిచాడు. "నువ్వన్న పట్టు తమ్మీ" అన్నాడు.

పట్టాను. పైకి లేపగానే ఆ పిల్ల కొబ్బరిబోండాం రెండు చేతులా పట్టుకుని నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మా మామ రాలే?"

రాడని నాకు తెలుసు. "బయలుదేరాడటమ్మా, దారిలో ఉన్నాడు" అన్నాను.

తలంబ్రాలు పోసుకుంటున్నప్పుడు కూడా ఆ పిల్ల గేటు వైపే చూసింది. సాయంత్రం నా వెనక కూర్చుంది. బ్యాండు ఆగినప్పుడు ఆ పిల్ల మాట వినపడింది, కానీ మొగుడితో కాదు, నాతో. మామ ఏ బస్సుకు వస్తున్నాడని అడుగుతోంది. నాకు వినపడనట్టు హారను కొట్టాను. ఆ పిల్లకు నేను ఏమీ కాను. ఏమీ కానివాడి ఒక్క మాట పట్టుకుని అది సాయంత్రం దాకా ఎదురుచూసింది.

మర్నాడు పనికి పోలేదు. కారు తీసుకుని పర్ణశాల పోయే దారిలో మేదరి నర్సయ్య ఇంటికి పోయాను. అడవి వెదురుతో ఆయన అల్లిన బుట్టలు పదేళ్లయినా వదులు కావంటారు. మేనకోడలి పెళ్లికి బుట్ట కావాలన్నాను. ఎంత పిల్ల అని అడిగాడు. నేను రెండు చేతులు చాపి ఇంత అని చూపించాను. ఆయన నా చేతుల మధ్య ఖాళీ చూసి నవ్వాడు.

"పెండ్లిపిల్లకంటివి గద సారూ. గిది చంటిపిల్లకు పట్టే బుట్ట" అన్నాడు.

చేతులు ఎంత జరపాలో నాకు తెలియలేదు అక్కయ్యా. మూడేళ్లలో ఎంత ఎదిగిందో తెలియక కాదు. నా చేతులకు అది ఎప్పుడూ అంతే. ఆ రోజు నీకు చెప్పలేకపోయింది కూడా ఇదే. చివరికి నర్సయ్య తన కూతుర్ని పిలిచి కూర్చోబెట్టి కొలత తీసుకున్నాడు.

బుట్ట నిన్న తెచ్చాను. అంచుకు మూడు వరసలు అల్లాడు, పసుపు రాయడానికి వీలుగా లోపల నున్నగా చెక్కాడు. డిక్కీలో పట్టలేదు. పక్క సీటులో ఏటవాలుగా పెట్టి తాడుతో కట్టాను. అది ఉంటే టాపు మూయడానికి వీల్లేదు. ఎండైనా వానైనా అలాగే ఖమ్మం, వైరా, మధిర మీదుగా వస్తాను. దారిలో ఎవరైనా నవ్వితే నవ్వనీ. పెళ్లికి రెండు రోజుల ముందే ఊళ్లో ఉంటాను. ఈ ఒక్కసారి దీన్ని జోరుగా నడుపుతాను, నన్నేమీ అనకు.

నీ జవాబు కోసం ఆగడం లేదు. ఆగితే మళ్లీ ఏదో వంక దొరుకుతుంది, నా సంగతి నాకు తెలుసు. బావగారు తిడితే తిట్టించుకుంటాను, కొడితే కొట్టించుకుంటాను. వెంకటేశ్వర్లు అన్నయ్యకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవద్దు. బుట్టకు నాలుగు వైపులుంటాయి, ఒక వైపు నాకివ్వు. అదీ వద్దనుకుంటే బుట్ట గుమ్మంలో దించి, వీధి అవతల నిలబడతాను. పద్మ తల తిప్పితే కనపడేంత దూరంలో ఉంటాను. మామ వచ్చాడా అని అది ఎవరినీ అడక్కూడదు.

బావగారికి నా నమస్కారాలు, ఆయన ఈ ఉత్తరం చదవనంటే నువ్వే చదివి వినిపించు. పెదనాన్నకు, వెంకటేశ్వర్లు అన్నయ్య దంపతులకు దణ్ణాలు. పద్మకు నా ఆశీస్సులు. నా గురించి బెంగ పెట్టుకోకు, తిండికీ ఒంటికీ లోటు లేదు. నువ్వు కోపంగా ఉన్నా సరే, నీ ఆశీర్వాదం నా మీద ఉండనీ.

నువ్వు పెంచినవాడు,
సాంబయ్య