ఎర్ర సిరాతో రాసిన రెండు వాక్యాలు

నాకు లెక్కలు నేర్పిన సిస్టర్ గారికి నమస్కారం.

ఇక్కడ గూడెం బడిలో పదో తరగతికి ప్రమేయాల (ఫంక్షన్ల) పాఠం చెప్పాను. x, y అక్షరాలతో చెబితే పిల్లలు బెదిరారు. అందుకే ఒక పక్క మనుషుల పేర్లు, ఇంకో పక్క ఊర్ల పేర్లు రాయించి, మధ్యలో బాణాలు గీయించాను. సుజాత అనే పిల్ల ఒక పేరు నుంచి రెండు బాణాలు గీసింది; ప్రమేయంలో అది కుదరదు. నేను దిద్ది, కింద ఎర్ర సిరాతో రాశాను: "ఒకరు ఒకే ఊరికి వెళ్లాలి. ఒకే ఊరికి ఇద్దరు వెళ్లవచ్చు."

నిన్న పోలీసులు గూడెంలో సోదా చేస్తుంటే సుజాత ఇంట్లో ఆ కాగితం దొరికింది. ఆమె తండ్రి దూలయ్యను అందరి ముందే నిలదీసి తీసుకెళ్లారు.

"అడవిల అన్నల కబురు ఎవరు ఏ ఊరికి మోస్తుండ్రో రాసుకున్నవా?" అని అడిగారట.

"మా బిడ్డ లెక్కల కాగితం సారూ," అన్నాడట. ఆయనకు చదువు రాదు.

"లెక్కలల్ల ఊర్లెందుకుంటయిరా?" అని నవ్వారట.

పొద్దున ఆయన భార్య భీమక్క వచ్చి తలుపు కొట్టింది. "నువ్వొచ్చి చెప్పు టీచరమ్మా, గంతే," అంది. భయంతో తలుపు తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ రాత నాదని చెప్పడానికి పాఠ్యపుస్తకం పట్టుకుని స్టేషన్‌కు వెళ్తున్నాను. మీ క్లాసులో లేచి జవాబు చెప్పడానికే భయపడేదాన్ని. రేపటికి నా కబురు అందకపోతే, మీరే స్టేషన్‌కు వచ్చి ఆ పోలీసులకు ఆ పాఠం మొదటి నుంచి చెప్పండి.

మీ విద్యార్థిని